నాలుగు రోజుల ఏడాది



గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి ఎందుకు వస్తాయని అడిగితే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఠక్కున చెబుతారు. గురుడు సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి పుష్కరం, కన్యలో అడుగుపెడితే కృష్ణకు. అంతా గురుగ్రహం నడకను బట్టే. సూర్యుడి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి రావడానికి దానికి 11 ఏళ్ల 10 నెలల పైచిలుకు పడుతుంది. సూర్యుడి నుంచి సుమారు 78 కోట్ల కిలోమీటర్ల దూరంలో, చలిలో, నింపాదిగా నడిచే గ్రహం అది.

ఈరోజు నేను చెప్పబోయే గ్రహం కూడా గురుడి జాతిదే. కాలు మోపడానికి నేల ఉండదు. హైడ్రోజన్, హీలియం వాయువులు నిండిన మహాకాయం. బరువు మన గురుడిలో దాదాపు సగం, అంటే తక్కువలో తక్కువ మన భూములు నూటయాభై దాకా కలిపితే తూగేంత. అది తన సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి పట్టే కాలం మాత్రం 4 రోజుల 5 గంటల 30 నిమిషాలు. అక్కడి ఏడాది సోమవారం పొద్దున ఆరింటికి మొదలైతే శుక్రవారం పదకొండున్నరకు ముగుస్తుంది. మన గురుడు ఒక్క చుట్టు పూర్తి చేసేలోపు అది వెయ్యికి పైగా చుట్లు తిరిగేస్తుంది.

ఆ గ్రహాన్ని శాస్త్రవేత్తలు 51 పెగాసీ బి అంటారు. మనకు 50 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న 51 పెగాసీ అనే నక్షత్రం దాని సూర్యుడు. 2015లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఈ గ్రహానికి డిమిడియం అని పేరు కూడా పెట్టింది. మన సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరుగుతోందని మనుషులు రూఢిగా తెలుసుకున్న మొట్టమొదటి గ్రహం ఇదే. 1992లో మరో రెండు గ్రహాలు దొరికిన మాట నిజమే కానీ, అవి పల్సార్ అనే చచ్చిపోయిన నక్షత్రం చుట్టూ తిరిగేవి. వెలుగునిచ్చే మామూలు సూర్యుడికి గ్రహం దొరకడం 1995లోనే. ఆ దొరికినది కూడా, ఎవరూ వెతకని చోట దొరికింది.

ఎందుకు వెతకలేదో కొంచెం వివరంగా చెప్పాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

గ్రహాలు పుట్టే తీరు గురించి మనకు తెలిసిందంతా మన ఒక్క సౌరకుటుంబాన్ని చూసి తెలుసుకున్నదే. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు సూర్యుడికి దగ్గరగా ఉండే చిన్న రాతి గ్రహాలు. దూరంగా గురుడు, శని వంటి పెద్ద వాయు గ్రహాలు. దీనికి కారణం కూడా చక్కగా కుదిరింది. నక్షత్రం పుట్టినప్పుడు దాని చుట్టూ ధూళి, వాయువు పళ్లెంలా తిరుగుతుంటాయి. నక్షత్రం దగ్గర వేడికి నీరు ఆవిరిగానే ఉంటుంది, గట్టి పదార్థమంటే కాస్త రాయి, కాస్త ఇనుము. దూరం పోయినకొద్దీ నీరు మంచుగా గడ్డకడుతుంది, గట్టి సరుకు పెరుగుతుంది. అక్కడ భూమికి పదింతల బరువున్న గడ్డ ఒకటి తయారైతే, అది తన ఆకర్షణతో చుట్టూ ఉన్న వాయువును లాక్కుని గురుడంత అవుతుంది. కాబట్టి పెద్ద వాయు గ్రహం ఎక్కడ ఉన్నా దూరంగానే ఉండాలి, ఒక చుట్టు తిరగడానికి ఏళ్లూ పూళ్లూ పట్టాలి. 1980ల్లో గ్రహాల వేటకు దిగిన వాళ్లందరి నమ్మకమూ ఇదే.

కెనడాకు చెందిన గోర్డన్ వాకర్, బ్రూస్ క్యాంప్‌బెల్ బృందం హవాయిలోని పెద్ద టెలిస్కోపుతో 21 నక్షత్రాలను 12 ఏళ్ల పాటు గమనించింది. ఒక పుష్కరకాలం. గురుడిలాంటి గ్రహం ఒక చుట్టు తిరిగి రావడానికి అంత ఓపిక పట్టాలి మరి. గురుడిలాంటిది ఒక్కటీ దొరకలేదని వాళ్లు 1995లో ప్రకటించారు. వాళ్ల లెక్కల్లో తప్పేమీ లేదు, వాళ్ల పద్ధతే తర్వాత వచ్చినవాళ్లకు దారి చూపింది. వాళ్లు ఎంచుకున్న 21 నక్షత్రాల్లో 51 పెగాసీ బి లాంటి గ్రహం ఉన్నది ఒక్కటీ లేకపోయింది, అంతే. ఈ రంగం చరిత్ర చెప్పేటప్పుడు వాళ్ల పేర్లు వదిలేయడం అన్యాయమని నా అభిప్రాయం.

అంతకన్నా అన్యాయం ఇంకొకరికి జరిగింది. 1952లో ఒటో స్ట్రూవ్ అనే ఖగోళ శాస్త్రవేత్త చిన్న వ్యాసం ఒకటి రాశారు. గురుడికి పదింతలున్న గ్రహం తన నక్షత్రానికి అతి దగ్గరగా, ఒక్క రోజులో చుట్టు తిరిగేంత దగ్గరగా ఎందుకు ఉండకూడదని అడిగారు. అలాంటిది ఉంటే నక్షత్రం ఊగిసలాటను కొలిచి పట్టుకోవచ్చు, అది నక్షత్రానికి అడ్డంగా వస్తే వెలుగు తగ్గడాన్ని కొలిచి కూడా పట్టుకోవచ్చు అని రెండు దారులూ చెప్పారు. ఇవాళ మనకు తెలిసిన గ్రహాల్లో అత్యధికం ఆ రెండు దారుల్లోనే దొరికాయి. నలభై ఏళ్లకు పైగా ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఊగిసలాట అన్నాను కదా, అదేమిటో చూద్దాం. చంటిపిల్లాడి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పే తండ్రిని గమనించండి. తిరిగేది పిల్లాడే అయినా, తండ్రి కూడా కాస్త వెనక్కి వాలి, ఉన్నచోటనే చిన్న చుట్టు తిరుగుతాడు. గ్రహం తిరుగుతుంటే నక్షత్రానిదీ అదే పరిస్థితి. గ్రహం కనిపించదు. నక్షత్రం పక్కన దాని వెలుగు ఏ మూలకూ చాలదు. కానీ నక్షత్రం ఒకసారి మనవైపు, ఒకసారి అవతలివైపు కదలడాన్ని కొలవవచ్చు. స్టేషను దాటిపోయే రైలు కూత మనవైపు వచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. వెలుగులో కూడా అలాంటి మార్పే వస్తుంది.

ఆ కొలత ఎలా తీస్తారో దగ్గరగా చూస్తే ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. దక్షిణ ఫ్రాన్స్‌లో ఓట్ ప్రొవాన్స్ వేధశాల ఉంది. అక్కడ 1.93 మీటర్ల అద్దమున్న టెలిస్కోపు. అది పట్టిన నక్షత్రపు వెలుగు సన్నని ఆప్టికల్ ఫైబర్ గుండా ఎలోడీ అనే స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి వెళుతుంది. అక్కడ వెలుగు రంగులుగా విడిపోతుంది. ఆ రంగుల మధ్య వేల నల్లని గీతలుంటాయి. ఇనుముకు కొన్ని, కాల్షియానికి కొన్ని, ప్రతి మూలకానికీ తనవైన గీతలు. నక్షత్రం మనవైపు వస్తుంటే ఆ గీతలు నీలం వైపు జరుగుతాయి, దూరం పోతుంటే ఎరుపు వైపు. 51 పెగాసీ ఊగిసలాట వేగం సెకనుకు 56 మీటర్ల చుట్టుపక్కల, అంటే గంటకు 200 కిలోమీటర్లు. వినడానికి ఎక్కువే. కాంతి వేగం పక్కన పెడితే మాత్రం అది సుమారు 50 లక్షల్లో ఒక వంతు. గీతలు జరిగేదీ అంతే. ఒక్క గీతను ఎంతసేపు చూసినా ఏమీ తెలియదు. అందుకే వేల గీతలను ఒకేసారి కలిపి సరిపోలుస్తారు. దానితోపాటు థోరియం, ఆర్గాన్ నింపిన దీపం వెలుగును రెండో ఫైబర్‌లో పంపి, కదలని ఆ గీతలను కొలబద్దగా పెట్టుకుంటారు. పరికరం గదిలో ఏ కాస్త మార్పు వచ్చినా ఆ కొలబద్ద పట్టిచ్చేస్తుంది.

ఈ పరికరాన్ని వాడినవాళ్లు జెనీవా వేధశాలకు చెందిన మిషెల్ మేయర్, ఆయన దగ్గర డాక్టరేట్ చేస్తున్న యువకుడు డిడియే క్వెలోజ్. 1994 ఏప్రిల్‌లో 142 నక్షత్రాల జాబితాతో మొదలుపెట్టారు. క్వెలోజ్ రాసిన ప్రోగ్రాము వల్ల కొలత తీసిన కాసేపటికే నక్షత్రం వేగం తెరమీద కనిపించేది. అప్పట్లో మిగతా బృందాలకు ఆ సౌకర్యం లేదు, రీళ్లకు రీళ్లు సమాచారం పోగేసి తర్వాతెప్పుడో లెక్కలు కట్టేవారు. ఏళ్ల తరబడి తిరిగే గ్రహం కోసమే కదా, తొందరేముందన్నది వాళ్ల ఆలోచన.

51 పెగాసీ వేగం ఒక రాత్రికీ మరో రాత్రికీ మారుతుండటం క్వెలోజ్ గమనించారు. మేయర్ అప్పుడు హవాయిలో ఉన్నారు. తన ప్రోగ్రాములోనే ఏదో లోపం ఉందని ఆ కుర్రవాడు కంగారుపడిపోయారు. ఎంత వెతికినా లోపం కనిపించలేదు. చివరికి అంకెలన్నీ ఒకే ఒక్క లెక్కకు ఒదిగాయి, 4.2 రోజుల చుట్టుకు. గురుడిలో సగం బరువున్న గ్రహం నాలుగు రోజుల్లో తిరుగుతోందని మేయర్‌కు తెలియజేశారు.

వెంటనే ప్రకటించే వీలు లేకపోయింది. మార్చి వచ్చేసింది. మన రైతులు వాడే కార్తెల లెక్క తెలిసినవాళ్లకు దీని కారణం చెప్పనక్కర్లేదు. మార్చి మొదటివారంలో వచ్చేది పూర్వాభాద్ర కార్తె, అంటే సూర్యుడు ఆకాశంలో పూర్వాభాద్ర నక్షత్రం ఉన్న వైపుకు చేరే రోజులు. 51 పెగాసీ ఉన్నది సరిగ్గా ఆ వైపే. పగటి వెలుగులో ఆ నక్షత్రం కలిసిపోతుంది, ఏ టెలిస్కోపుతోనూ పని జరగదు. వాళ్లిద్దరూ ఆ నెలలన్నీ ఆగారు. నక్షత్రం మళ్లీ కనిపించాక ఏ రాత్రి ఎంత వేగంతో ఉండాలో ముందుగానే లెక్కగట్టి కూర్చున్నారు. 1995 జులైలో మళ్లీ కొలిచారు. వేగాలు ముందుగా గట్టిన లెక్కకు సరిపోయాయి.

అంత జాగ్రత్త ఎందుకంటే, ఆ రంగానికి అప్పటికే బోలెడంత చెడ్డపేరు ఉంది. బర్నార్డ్ నక్షత్రానికి గ్రహాలున్నాయని 1960ల్లో వచ్చిన ప్రకటన నిలబడలేదు. 1991లో ఆండ్రూ లైన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక పల్సార్‌కు గ్రహం దొరికిందని ప్రకటించి, భూమి కక్ష్యను పూర్తి వృత్తంగా లెక్కవేయడం వల్ల వచ్చిన పొరపాటు అదని తానే కనుక్కుని, నిండు సభలో నిలబడి చెప్పారు. ఆ సభలో శాస్త్రవేత్తలు ఆయనకు చప్పట్లతో గౌరవం తెలిపారు.

1995 అక్టోబరు 6న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జరిగిన సదస్సులో మేయర్, క్వెలోజ్ తమ గ్రహాన్ని ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే అమెరికాలోని లిక్ వేధశాలలో జెఫ్ మార్సీ, పాల్ బట్లర్ అదే నక్షత్రాన్ని కొలిచి నిజమేనన్నారు. వాళ్ల దగ్గర 1987 నుంచి పోగైన కొలతలున్నాయి. వెంటనే వాటి దుమ్ము దులిపి లెక్కలు కట్టారు. 1996 జనవరికల్లా మరో రెండు గ్రహాలు వాటిలోంచే బయటపడ్డాయి. అవి అంతకుముందు నుంచే ఆ అంకెల్లో ఉన్నాయన్నమాట.

వ్యవహారం అక్కడితో సద్దుమణగలేదు. 1997లో కెనడా శాస్త్రవేత్త డేవిడ్ గ్రే నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. గ్రహం లేదు, గిహం లేదు, నక్షత్రం పైపొరలు ఉబ్బి కుంగుతుండటం వల్ల గీతల ఆకారం మారుతోందని ఆయన వాదన. కొట్టిపారేయదగ్గ వాదన కాదు, నక్షత్రాలు అలా కొట్టుకుంటుండటం నిజమే. ఆయన మరిన్ని కొలతలు తీశారు. గీతల ఆకారంలో మార్పు లేదని తేలింది. 1998లో అదే పత్రికలో, ఉన్నది గ్రహమేనని ఆయనే రాశారు. నోబెల్ బహుమతి 2019లో మేయర్, క్వెలోజ్‌లకు వచ్చింది. ఆ ఏడాది భౌతికశాస్త్ర బహుమతిలో సగం వాళ్లిద్దరిది, మిగతా సగం విశ్వనిర్మాణ శాస్త్రంలో పనిచేసిన జేమ్స్ పీబుల్స్‌ది. గ్రే రాసిన ఆ రెండో వ్యాసానికి కూడా నా మనసులో ఆ బహుమతి పక్కనే చోటుంది.

ఆ నక్షత్రాన్ని మీరూ చూడవచ్చు. కార్తీకమాసం మొదటి రోజుల్లో, చంద్రుడు లేని వేళ, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో తల పైకెత్తండి. నడినెత్తిన నాలుగు చుక్కల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. తూర్పువైపు రెండు చుక్కలూ ఉత్తరాభాద్ర, పడమటివైపు రెండూ పూర్వాభాద్ర. పూర్వాభాద్ర చుక్కల మధ్య ఒక గీత ఊహించుకోండి. సగానికి కాస్త దక్షిణంగా, గీతకు కొద్దిగా పడమరగా ఒక మసక చుక్క ఉంటుంది. అదే 51 పెగాసీ. వీధి దీపాల్లేని పల్లెల్లో మామూలు కంటికే ఆనుతుంది, పట్నంలో బైనాక్యులర్ కావాలి. హైదరాబాదులో అది నడినెత్తికి మూడు డిగ్రీల పైచిలుకు దూరంలో సాగిపోతుంది. ఆదిలాబాదులో దాదాపు నడినెత్తినే. పంచాంగం తెలిసిన ప్రతి ఇంట్లోనూ పూర్వాభాద్ర పేరు వినిపిస్తుంది. దాని పక్కనే ఈ నక్షత్రం ఉందన్న సంగతి మన బడి పుస్తకాల్లో కూడా ఉండాల్సింది.

మరి అక్కడ పరిస్థితి ఎలా ఉంటుంది? నక్షత్రానికీ గ్రహానికీ మధ్య దూరం సుమారు 79 లక్షల కిలోమీటర్లు. మన బుధుడు సూర్యుడికి ఉన్న దూరంలో ఏడో వంతు. మనకు సూర్యుడి నుంచి అందే వేడికి అక్కడ దాదాపు 500 రెట్లు అందుతుంది. వెయ్యి డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉడికే ఈ రకం గ్రహాలకే హాట్ జూపిటర్లని పేరు వచ్చింది, వేడి గురుళ్లు అందాం. అంత దగ్గరలో నక్షత్రం ఆకర్షణ వల్ల గ్రహం ఒకే ముఖాన్ని నక్షత్రం వైపు తిప్పి ఉంచుతుంది, చంద్రుడు మనకు ఒకే ముఖం చూపినట్టు. ఒకవైపు ఎప్పటికీ పగలు, రెండోవైపు ఎప్పటికీ రాత్రి.

51 పెగాసీ బి మనవైపు నుంచి చూస్తే నక్షత్రానికి అడ్డంగా రాదు కాబట్టి దాని పరిమాణం కొలవలేం. ఆ లోటు 1999లో తీరింది. 51 పెగాసీ ఉన్న రెక్కల గుర్రం నక్షత్రమండలంలోనే హెచ్‌డి 209458 అనే నక్షత్రం ఉంది. హార్వర్డ్ విద్యార్థి డేవిడ్ షార్బనో అమెరికాలోని కొలరాడోలో 10 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుతో ఆ నక్షత్రం వెలుగును కొలుస్తూ కూర్చున్నారు. గ్రహం అడ్డం వచ్చిన దాదాపు మూడు గంటల పాటు వెలుగు నూటికి ఒకటిన్నర వంతు తగ్గి, మళ్లీ మామూలైంది. గ్రెగ్ హెన్రీ అనే మరో శాస్త్రవేత్త కూడా విడిగా అదే చూశారు. పది సెంటీమీటర్లంటే మన చేతి వెడల్పు. స్ట్రూవ్ చెప్పిన రెండో దారి అలా తెరుచుకుంది.

ఆ గ్రహం బరువు గురుడి కంటే తక్కువ, వ్యాసం మాత్రం గురుడి కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. దాని సాంద్రత నీటిలో మూడో వంతు. వేడికి ఉబ్బిందనుకుంటే సరిపోదు, లెక్కల ప్రకారం అంత ఉబ్బకూడదు. లోపలికి అదనపు వేడి ఎలా చేరుతోందన్నది ఇప్పటికీ తెగని చర్చ. అంతేకాదు, దాని హైడ్రోజన్ అంతరిక్షంలోకి ఆవిరైపోతోందని 2003లో హబుల్ టెలిస్కోపు చూపింది. సెకనుకు కనీసం 10,000 టన్నులని అప్పటి అంచనా. అయినా దాని పరిమాణానికి అదొక లెక్కలోది కాదు, వందల కోట్ల ఏళ్లు అలా కారిపోయినా తరిగేది స్వల్పమే.

అడ్డంగా వచ్చే గ్రహం ఇంకో వరం కూడా ఇస్తుంది. నక్షత్రపు వెలుగులో కాస్త ఆ గ్రహం గాలి గుండా వడగట్టుకుని మనదాకా వస్తుంది. ఆ వెలుగులో ఏ రంగులు తగ్గాయో చూస్తే గాలిలో ఏముందో తెలుస్తుంది. 2002లో ఇదే గ్రహం గాలిలో సోడియం కనిపించింది. మన వీధుల్లో పసుపు పచ్చని వెలుగునిచ్చే దీపాల్లో ఉండే సోడియమే. వేరే సూర్యుడి గ్రహం మీది గాలిలో మనిషి గుర్తుపట్టిన మొదటి పదార్థం అది. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు వాస్ప్-39బి అనే మరో వేడి గ్రహంలో కార్బన్ డయాక్సైడును స్పష్టంగా పట్టుకుంది. సల్ఫర్ డయాక్సైడు కూడా దొరికింది. నక్షత్రం వెలుగు పడి రసాయన చర్య జరిగితేనే అక్కడ ఆ వాయువు పుడుతుంది.

ఈ వడగట్టిన వెలుగులోంచి గాలి కూర్పునూ ఉష్ణోగ్రతనూ గణితంతో వెనక్కి రాబట్టే పద్ధతిని 2009లో ఈ గ్రహాలకు తొలిసారిగా వాడి చూపినవారిలో నిక్కు మధుసూదన్ ఒకరు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ సంస్థలో చదివి, అమెరికాలో సారా సీగర్ దగ్గర పరిశోధన చేసి, ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఆచార్యుడిగా ఉన్నారు.

ఈ జాతిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నవి రెండున్నాయి. మొదటిది హెచ్‌డి 189733బి, 64 కాంతి సంవత్సరాల దూరం. దూరం నుంచి చూస్తే ముదురు నీలి రంగని 2013లో తేలింది. ఆ నీలం సముద్రానిది కాదు. గాజుకు మూలమైన సిలికేట్ రేణువులు గాలిలో తేలుతూ నీలి వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చిందని శాస్త్రవేత్తల వివరణ. అక్కడ గాలి సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు వీస్తుంది. మన కోస్తా మీద విరుచుకుపడే తీవ్ర తుపాను గాలి గంటకు 200 కిలోమీటర్లంటే గుండెలు జారిపోతాయి. అక్కడ గంటకు 7,000 కిలోమీటర్లు. ఆ గాలి పగటి వేడిని తోసుకుపోవడం వల్ల గ్రహం మీద అన్నిటికంటే వేడి చోటు నక్షత్రం నడినెత్తిన ఉన్న చోట కాకుండా దానికి తూర్పున ఉంటుంది. 2002లో ఆడమ్ షోమన్, ట్రిస్టన్ గిల్లో కాగితం మీద లెక్కగట్టి చెప్పిన ఈ సంగతిని, 2007లో స్పిట్జర్ టెలిస్కోపు నిజమని చూపింది.

రెండోది మన సప్తర్షి మండలంలో ఉన్న హెచ్‌డి 80606బి. దీని చుట్టు 111 రోజులు. దారి బాగా సాగదీసిన కోడిగుడ్డు ఆకారం. ఎక్కువ కాలం నక్షత్రానికి దూరంగా గడిపి, ఒక్కసారిగా దాని ఒంటి మీదికి దూకినట్టు దగ్గరకొచ్చి, మలుపు తిరిగి వెళ్లిపోతుంది. ఆ మలుపు దగ్గర ఆరు గంటల్లో దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల చుట్టుపక్కల నుంచి 1,200 డిగ్రీలకు ఎగబాకడాన్ని స్పిట్జర్ కొలిచింది.

ఈ గ్రహం వింత మాత్రమే కాదు, ఒక చిక్కు ప్రశ్నకు జవాబు కూడా. దూరంగా పుట్టాల్సిన మహాగ్రహం ఇంత దగ్గరకు ఎలా వచ్చింది? రెండు దారులు చెబుతారు. ఒకటి, పుట్టిన ధూళి పళ్లెంలోనే అలలు లేపుతూ, తన శక్తిని పళ్లేనికి ధారపోస్తూ నెమ్మదిగా లోపలికి జారడం. ఇలా జరగవచ్చని పీటర్ గోల్డ్‌రైక్, స్కాట్ ట్రిమెయిన్ 1980లోనే గణితంతో చూపారు. రెండోది, పక్క గ్రహం ఆకర్షణకు దారి తప్పి, సాగదీసిన దారిలో పడి, నక్షత్రం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కాస్త శక్తి పోగొట్టుకుంటూ చివరికి చిన్న గుండ్రటి దారిలో స్థిరపడటం. సప్తర్షి మండలంలోని ఆ గ్రహం ఈ రెండో దారిలో సగం ప్రయాణంలో ఉందని చాలామంది నమ్మకం. నక్షత్రం ఒకవైపు తిరుగుతుంటే దానికి ఎదురు దిశలో తిరిగే వాస్ప్-17బి వంటి గ్రహాలు కూడా ఉన్నాయి. అంత తారుమారు కావాలంటే ఏదో పెద్ద తోపులాట జరిగి ఉండాలి.

కొన్నిటి ప్రయాణం ఇంకా ఆగలేదు. వాస్ప్-12బి ఒక్క రోజు రెండు గంటల్లో చుట్టు తిరిగే గ్రహం. దాని చుట్టుకు పట్టే కాలం ఏటా సెకనులో 29 వేయో వంతులు తగ్గుతోంది. ఈ లెక్కన ఇంకో 30 లక్షల ఏళ్లలో నక్షత్రంలో కలిసిపోతుంది. నక్షత్రాల ఆయుష్షులో అది రేపటి మాటే.

మన గురుడు కూడా ఒకప్పుడు సూర్యుడి వైపు ప్రయాణం కట్టాడని 2011లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. కుజుడి ఇప్పటి స్థానం దాకా వచ్చి, వెనకనే వచ్చిన శని ఆకర్షణకు లోబడి వెనక్కి తిరిగాడని వాళ్ల లెక్క. కుజుడు అంత చిన్నగా ఎందుకు మిగిలాడో దీనితో చెప్పవచ్చంటారు. ఇది రుజువైన విషయం కాదు. కానీ 51 పెగాసీ బి దొరక్కముందు ఇలాంటి ఊహకు చోటే ఉండేది కాదు. ఒక్క సౌరకుటుంబాన్ని చూసి గ్రహాలు పుట్టిన చోటే ఉంటాయనుకున్నాం. ఇప్పుడు లెక్కకు దొరికిన గ్రహాలు 2025 నాటికే 6,000 దాటాయి. వాటిలో వేడి గురుళ్లు కొద్దిమందే. సూర్యుడిలాంటి నక్షత్రాల్లో నూటికి ఒకదానికి అటూఇటుగా ఉంటాయి. పెద్దవి, దగ్గరివి కాబట్టి ముందు అవే కంటబడ్డాయి.

మన దేశానికి కూడా ఈ జాతితో చుట్టరికం ఉంది. 2019లో ప్రతి దేశానికీ ఒక నక్షత్రానికీ దాని గ్రహానికీ పేరు పెట్టే అవకాశం వచ్చింది. మనకు దక్కిన గ్రహం రెండు రోజుల్లో చుట్టు తిరిగే వేడి గురుడే. దానికి సంతమస అని, దాని నక్షత్రానికి బిభా అని పేర్లు పెట్టారు. విశ్వకిరణాల మీద పనిచేసిన బిభా చౌధురి పేరది. ఫొటో పలకల మీద మీసాన్ కణాల జాడలను 1940ల తొలినాళ్లలోనే డి.ఎం. బోస్‌తో కలిసి చూసిన విదుషీమణి ఆమె. బతికుండగా రావలసిన పేరు రాలేదు.

గ్రహాలను కనిపెట్టే పని కూడా మన గడ్డ మీద జరుగుతోంది. రాజస్థాన్‌లో మౌంట్ అబూ మీద, గురుశిఖరం దగ్గర, అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల వారి వేధశాల ఉంది. అక్కడి 1.2 మీటర్ల టెలిస్కోపుకు పారస్ అనే స్పెక్ట్రోగ్రాఫ్ బిగించారు. ఎలోడీ చేసిన పనే ఇదీ చేస్తుంది, ఇంకా సున్నితంగా. 2021లో అభిజిత్ చక్రవర్తి బృందం దానితో టీఓఐ-1789బి అనే వేడి గురుణ్ణి కనుక్కుంది. బరువు గురుడిలో 70 శాతం, పరిమాణం గురుడి కంటే 1.4 రెట్లు, ఏడాది 3.2 రోజులు. 2023లో గురుడికి 13 రెట్ల బరువున్న ఇంకో గ్రహాన్ని కూడా వాళ్లే పట్టుకున్నారు.

చివరగా మన జూనియర్, డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. 2018లో అమెరికా పంపిన టెస్ ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల వెలుగు లెక్కలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. రుసుము లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను చెప్పిన నీలి గ్రహం ఉన్న హెచ్‌డి 189733 అనే నక్షత్రం అంకెలను దించుకోండి. మీ విద్యార్థుల చేత గ్రాఫు గీయించండి. రెండు రోజుల ఐదు గంటలకోసారి వెలుగు నూటికి రెండున్నర వంతుల దాకా పడిపోవడం వాళ్లు తమ కళ్లతో చూస్తారు. ఆ గుంట లోతును బట్టి గ్రహం పరిమాణం లెక్కగట్టడానికి ఇంటర్మీడియట్ గణితం చాలు. కంప్యూటరు ల్యాబులో ఒక్క మధ్యాహ్నం పని. ఈ విద్యాసంవత్సరంలోనే చేయించండి.